సొంత మెయిల్ సర్వర్‌కి ఏ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్? మొదటి నుంచి చివరిదాకా

సొంత మెయిల్ సర్వర్ పెట్టుకుందామనుకునేవాళ్లు సాధారణంగా మొదట అడిగేది "మెయిల్‌కౌ మంచిదా, ఐరెడ్‌మెయిల్ మంచిదా?" అని. ఆ రెండూ మెయిల్ సర్వర్‌కి కావాల్సినవన్నీ కలిపి ఇచ్చే ప్యాకేజీలు. అది అడగాల్సిన ప్రశ్నే, కాకపోతే దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి కొన్నున్నాయి. సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే మార్చుకోవచ్చు. డొమైన్ పేరు, ఐపీ అడ్రస్‌కి ఉన్న పరువు, ఏళ్ల తరబడి పోగైన మెయిళ్లు, ఈ మూడూ అంత సులువుగా మారవు. అందుకే నా లెక్కలో మంచి మెయిల్ సాఫ్ట్‌వేర్ అంటే ఫీచర్లు ఎక్కువున్నది కాదు, రెండేళ్ల తర్వాత కూడా అప్‌డేట్ చేయడానికి భయం వేయనిది, వద్దనుకుంటే మెయిళ్లన్నీ మూటగట్టుకుని బయటికి రానిచ్చేది. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడే ఖాళీ చేసే షరతులు చదువుకుంటాం కదా, అలాగన్నమాట.

ఉదాహరణకి ఇరవై మంది పనిచేసే ఒక ఆడిటర్ ఆఫీసు అనుకుందాం. క్లయింట్ల పీడీఎఫ్‌లు, జీఎస్టీ నోటీసులు, ఓటీపీలు రోజంతా వస్తూనే ఉంటాయి. అందరి ఫోన్లలోనూ మెయిల్ కావాలి. సిస్టమ్స్ చూసే కుర్రాడు వారానికి రెండు రోజులే వస్తాడు. ఈ ఆఫీసుని మనసులో పెట్టుకుని ముందుకెళ్దాం.

మొదటి అడుగు: పోర్ట్ 25 తెరిచి ఉందా?

పోర్ట్ అంటే సర్వర్‌కి ఉండే నంబరు వేసిన తలుపు లాంటిది. ఒక మెయిల్ సర్వర్ ఇంకో మెయిల్ సర్వర్‌తో మాట్లాడేది పోర్ట్ 25 మీదే. అది మూసి ఉంటే ప్రపంచంలో ఉన్న ఏ సాఫ్ట్‌వేర్ వేసినా మెయిల్ నేరుగా బయటికి పోదు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద పెట్టాలన్న ఆలోచన ఉంటే ఇక్కడితో వదిలేయండి. మన దగ్గర చాలా కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఉన్నా అది మారుతూ ఉంటుంది. పైగా ఇళ్ల కనెక్షన్లకి ఇచ్చే ఐపీల పట్టీ ఒకటి, స్పామ్‌ని అడ్డుకునే పట్టీలు నడిపే స్పామ్‌హాస్ అనే సంస్థ దగ్గర ఉంటుంది. ఆ పట్టీలో ఉన్న ఐపీ నుంచి నేరుగా వచ్చే మెయిల్‌ని చాలా సర్వర్లు గడప కూడా దాటనివ్వవు.

వీపీఎస్ (అద్దెకి దొరికే వర్చువల్ సర్వర్) తీసుకున్నా పరిశీలించే తీసుకోవాలి. గూగుల్ క్లౌడ్‌లో బయటికి వెళ్లే పోర్ట్ 25 మామూలుగా మూసే ఉంటుంది. ఏడబ్ల్యూఎస్‌లో ఫారం నింపి అడగాలి. హెట్జ్‌నర్‌లో కొత్త ఖాతాలకి మొదటి బిల్లు కట్టాక అడిగితే పరిశీలించి తెరుస్తారు. డబ్బు కట్టే ముందే సపోర్ట్ వాళ్లని రెండు ప్రశ్నలు అడగండి: పోర్ట్ 25 తెరుస్తారా, పీటీఆర్ రికార్డు నన్ను పెట్టుకోనిస్తారా? డీఎన్ఎస్ అంటే ఏ పేరుకి ఏ ఐపీయో చెప్పే ఇంటర్నెట్ చిట్టా. పీటీఆర్ అంటే ఐపీ నుంచి పేరుకి తిరిగి చూపే డీఎన్ఎస్ రికార్డు. మీ సర్వర్ పేరు ఆ ఐపీని చూపాలి, ఆ ఐపీ మళ్లీ అదే పేరుని చూపాలి. ఈ రెండూ కలవకపోతే జీమెయిల్ మెయిల్ తీసుకోదు.

ఐపీ చేతికొచ్చాక అది బ్లాక్‌లిస్టుల్లో ఉందేమో చూడండి. అంతకుముందు దాన్ని వాడినవాడు స్పామ్ పంపి ఉంటే ఆ పాపం మీ ఖాతాలో ఉంటుంది. అలాంటప్పుడు బతిమాలుకుంటూ కూర్చోవడం కన్నా ఆ సర్వర్ తీసేసి కొత్త ఐపీ తీసుకోవడం నయం.

ఐపీ అడ్రస్‌లలో కొత్త రకమైన ఐపీవీ6 సంగతి కూడా ఇక్కడే తేల్చండి. ఐపీవీ4కి పీటీఆర్ పెట్టి ఐపీవీ6కి మర్చిపోవడం మామూలే. సర్వర్ ఒకసారి దీని మీదుగా, ఒకసారి దాని మీదుగా పంపుతుంది, కొన్ని మెయిళ్లు చేరతాయి, కొన్ని చేరవు, కారణం పట్టుకోవడానికి తల ప్రాణం తోకకొస్తుంది. రెండింటికీ పీటీఆర్ పెట్టండి, లేదా మెయిల్ పంపడానికి ఐపీవీ6 వాడకుండా ఆపేయండి.

రెండో అడుగు: మీకేం కావాలో కాగితం మీద పెట్టండి

ఎన్ని మెయిల్‌బాక్సులు, ఒక్కొక్కరికి ఎన్ని జీబీ, వెబ్‌మెయిల్ కావాలా, అందరూ చూసుకునే క్యాలెండర్ కావాలా, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లకి కొత్తది ఎవరు పెడతారు, సర్వర్ పడిపోతే ఎవరు లేపుతారు. ఈ చివరి రెండే ముఖ్యం. మన ఆడిటర్ ఆఫీసులో పాస్‌వర్డ్ మార్చే పని అకౌంటెంట్ మేడమ్ చేయాలంటే బ్రౌజర్‌లో తెరుచుకునే అడ్మిన్ పేజీ తప్పనిసరి. కమాండ్ లైన్ ఒక్కటే ఉన్న సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా ఆమెకి పనికిరాదు.

వేలమందికి న్యూస్‌లెటర్లు పంపడం మీ అసలు ఉద్దేశమైతే అది వేరే వ్యవహారం. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి రోజుకి 5,000కి పైగా పంపేవాళ్లకి ప్రత్యేక నిబంధనలు పెట్టింది. ఆఫీసు మెయిళ్లు పోయే ఐపీ మీద ప్రచారం మెయిళ్లు పంపి దాని పరువు తీయకండి.

మూడో అడుగు: లోపల ఏమేం ఉంటాయో తెలుసుకోండి

బయటికి ఏ పేరుతో కనిపించినా చాలా ప్యాకేజీల లోపల ఉండేది అవే భాగాలు. మెయిల్ పంపడం, అందుకోవడం చేసేది ఎంటీఏ. ఇక్కడ పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్ పేరున్నవి. వచ్చిన మెయిళ్లని దాచి, మీ ఫోన్‌కి ఐమ్యాప్ (మెయిళ్లని సర్వర్ మీదే ఉంచి చదివే పద్ధతి) ద్వారా చూపించేది డవ్‌కాట్. స్పామ్ ఏరేది ఆర్‌స్పామ్‌డీ లేదా స్పామ్‌అసాసిన్. వెబ్‌మెయిల్‌కి రౌండ్‌క్యూబ్, క్యాలెండర్ కూడా కావాలంటే సోగో.

పోస్ట్‌ఫిక్స్‌ని వీట్సే వెనెమా ఐబీఎంలో ఉన్నప్పుడు రాసి 1998లో విడుదల చేశారు. ఒకే పెద్ద ప్రోగ్రామ్‌గా కాకుండా, ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రామ్, దానికి అవసరమైనంత అధికారమే అన్న పద్ధతిలో కట్టారు. ఎగ్జిమ్ కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఫిలిప్ హేజెల్ చేతిలో 1995లో పుట్టింది. మెయిల్‌ని ఎటు కావాలంటే అటు మళ్లించే వీలు అందులో ఎక్కువ. అయితే 2019లో ఎగ్జిమ్ 4.87 నుంచి 4.91 వరకు వెర్షన్లలో బయటపడ్డ లోపంతో దూరంగా కూర్చున్నవాడు కూడా సర్వర్ మీద రూట్ అధికారంతో కమాండ్లు నడపగలిగాడు. ప్రత్యేక కారణం లేకపోతే పోస్ట్‌ఫిక్స్ వైపే వెళ్లమంటాను. దాని గురించి రాసినవాళ్లు, లాగ్ చూసి తప్పు చెప్పగలిగేవాళ్లు ఎక్కువ దొరుకుతారు, అదీ కారణమే.

నాలుగో అడుగు: మూడు దారుల్లో ఒకటి

ఒకటి, భాగాలు తెచ్చుకుని మీరే అమర్చుకోవడం. డెబియన్ లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్, ఆర్‌స్పామ్‌డీ. 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న సర్వర్ మీద కూడా హాయిగా నడుస్తుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు డెబియన్ నుంచే వస్తాయి. ఏది ఎక్కడుందో మీకే తెలుసు కాబట్టి తప్పు పట్టుకోవడం తేలిక. కష్టమల్లా పెద్ద వెర్షన్ మారినప్పుడు వస్తుంది. 2025లో వచ్చిన డవ్‌కాట్ 2.4 దీనికి మంచి ఉదాహరణ. పాత 2.3 కాన్ఫిగరేషన్ ఫైలు దానికి సరిపడదు, మళ్లీ రాసుకోవాలి. రెండు సర్వర్ల మధ్య మెయిళ్లని ఎప్పటికప్పుడు సరిచూసే రెప్లికేషన్ సదుపాయాన్ని కూడా అందులోంచి తీసేశారు. డెబియన్ 12 నుంచి 13కి మామూలుగా అప్‌గ్రేడ్ కొట్టినవాళ్లకి ఇది ఎదురవుతుంది. ముందు రిలీజ్ నోట్స్ చదివే అలవాటున్నవాళ్లకే ఈ దారి.

రెండు, అన్నీ కలిపి కట్టిన ప్యాకేజీలు. ఎక్కువమంది వచ్చేది ఇక్కడికే కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం.

మెయిల్‌కౌ డాకర్ కంటైనర్లలో, అంటే ఒక్కో భాగాన్ని విడివిడి పెట్టెలో ఉంచే పద్ధతిలో, నడుస్తుంది. అడ్మిన్ పేజీ చక్కగా ఉంటుంది, సోగో ఉంది కాబట్టి క్యాలెండర్, కాంటాక్టులు ఫోన్‌లోకి వస్తాయి. కనీసం 6 జీబీ ర్యామ్, 1 జీబీ స్వాప్ కావాలని వాళ్లే చెబుతారు. వైరస్ స్కానర్ క్లామ్‌ఏవీ ఆపేస్తే కొంత తగ్గుతుంది. ఇందులో ఒక విషయం ముందే తెలియాలి: మెయిళ్లని డిస్క్ మీద ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తుంది, ఆ తాళంచెవి వేరే డాకర్ వాల్యూమ్‌లో (డాకర్ డేటా దాచే చోటు) ఉంటుంది. మెయిళ్ల ఫోల్డర్ ఒక్కటే బ్యాకప్ తీసుకుని ధీమాగా ఉంటే, సర్వర్ పోయిన రోజున చదవడానికి వీల్లేని ఫైళ్లు మిగులుతాయి. వాళ్లిచ్చే బ్యాకప్ స్క్రిప్టునే వాడండి, తాళంచెవి అందులోకి వచ్చిందో లేదో కళ్లతో చూసుకోండి.

మెయిల్-ఇన్-ఎ-బాక్స్ దీనికి పూర్తిగా వేరు తరహా. ఖాళీ ఉబుంటు 22.04 సర్వర్ ఇస్తే మొత్తం తనే ఆక్రమించుకుంటుంది, డీఎన్ఎస్ సర్వర్ కూడా తనదే పెట్టుకుంటుంది. అన్ని నిర్ణయాలూ అదే తీసుకుంటుంది, మార్చుకోవాలంటే ఒప్పుకోదు. డీఎన్ఎస్ అంటే టెన్షన్ పడేవాళ్లకి ఇది వరం, చేతులు ఊరుకోనివాళ్లకి చిరాకు. ఉబుంటు 18.04 నుంచి 22.04కి మారినప్పుడు అదే సర్వర్ మీద అప్‌గ్రేడ్ కుదరలేదు, కొత్త సర్వర్ తీసుకుని బ్యాకప్ నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇంకొకటి, తెలియని సర్వర్ నుంచి మొదటిసారి వచ్చే మెయిల్‌ని ఇది కాసేపు వెనక్కి పంపి మళ్లీ రమ్మంటుంది. గ్రేలిస్టింగ్ అంటారు. స్పామ్ తగ్గడానికి మంచి ఉపాయమే, కానీ పది నిమిషాలే చెల్లే ఓటీపీ కోసం ఎదురుచూసే ఆడిటర్‌కి ఒళ్లు మండుతుంది. ఆర్‌స్పామ్‌డీ అయితే మామూలుగా అనుమానం వచ్చిన మెయిల్‌నే ఇలా ఆపుతుంది, అందర్నీ కాదు. ఈ ఒక్క కారణంతోనే ఆఫీసులకి ఆర్‌స్పామ్‌డీ ఉన్న ప్యాకేజీలు చూడమంటాను.

ఐరెడ్‌మెయిల్ డాకర్ లేకుండా నేరుగా సర్వర్ మీద మామూలు ప్యాకేజీలనే వేస్తుంది. ఉచితంగా వచ్చే అడ్మిన్ పేజీలో ప్రాథమిక పనులే ఉంటాయి, మిగతావి డబ్బు కట్టి కొనే వెర్షన్‌లో ఉంటాయి. ఉచిత వెర్షన్‌ని అప్‌గ్రేడ్ చేయాలంటే ప్రతి వెర్షన్‌కీ ఇచ్చిన సూచనలు చదివి ఒక్కొక్కటే చేసుకుంటూ పోవాలి.

డాకర్-మెయిల్‌సర్వర్‌లో డేటాబేస్ లేదు, వెబ్‌మెయిల్ లేదు, అడ్మిన్ పేజీ లేదు, అన్నీ టెక్స్ట్ ఫైళ్లే. ఇంటి మెయిల్‌కి, కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లకి నాకు నచ్చేది ఇదే. మెయిల్యూ, మోడోబోవా కూడా ఉన్నాయి. మెయిల్‌కౌ బరువు అనిపిస్తే మెయిల్యూ ఒకసారి చూడండి.

మూడో దారి, అంతా ఒకే ప్రోగ్రామ్‌లో ఉండే కొత్తతరం సర్వర్లు. స్టాల్వర్ట్‌ని రస్ట్ భాషలో, మాక్స్, మ్యాడీలని గో భాషలో రాశారు. పోస్ట్‌ఫిక్స్‌కి డవ్‌కాట్‌ని తగిలించి, దానికి డేటాబేస్‌ని తగిలించే తంటా ఉండదు. మాక్స్ ఇన్‌స్టాల్ చేస్తే ఏ డీఎన్ఎస్ రికార్డులు పెట్టాలో తనే రాసి ఇస్తుంది. స్టాల్వర్ట్‌లో జేమ్యాప్ (ఐమ్యాప్‌కి బదులు వాడే కొత్త పద్ధతి), స్పామ్ ఫిల్టర్, 2025 నుంచి క్యాలెండర్ కూడా ఉన్నాయి. మ్యాడీ విషయంలో ఐమ్యాప్ నిల్వ ఇంకా బీటా అని వాళ్లే రాసుకున్నారు, ఆ మాట నమ్మండి. వీటి మీద నాకున్న జంకు ఒక్కటే. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ల వెనక ఇరవై ఏళ్లకి పైగా వాడకం ఉంది, వీటికి ఇంకా అంత వయసు లేదు. ఒకరిద్దరి భుజాల మీద నడిచే ప్రాజెక్టు ఆగిపోతే మీ మెయిళ్లని ఎలా బయటికి తీస్తారో ముందే చూసుకోవాలి. ఇంటికో, ఇద్దరు ముగ్గురున్న సంస్థకో ధైర్యంగా వాడొచ్చు.

ఐదో అడుగు: ప్రాజెక్టు ఆరోగ్యం

లైసెన్స్ పేరు ఒక్కటి చూసి సంతోషపడకండి. జింబ్రా ఒకప్పుడు ఆఫీసులకి బాగా నప్పిన ఓపెన్ సోర్స్ మెయిల్ సర్వర్. 9వ వెర్షన్ నుంచి కంపెనీ ఓపెన్ సోర్స్ ఎడిషన్‌కి ఇన్‌స్టాల్ ఫైళ్లు ఇవ్వడం మానేసి సోర్స్ కోడ్ మాత్రం ఉంచింది. ఉచితంగా వాడుకునేవాళ్ల చేతిలో మిగిలిన 8.8.15కి 2023 డిసెంబర్‌తో కాలం చెల్లింది. కోడ్ ఇప్పటికీ తెరిచే ఉంది, కానీ దాన్ని కూర్చుని బిల్డ్ చేసుకునే తీరిక ఎంతమందికి ఉంటుంది?

కాబట్టి ఇవి చూడండి: గత ఏడాదిలో విడుదలలు వచ్చాయా, మార్పులు ఒక్కరే చేస్తున్నారా, సెక్యూరిటీ లోపం చెప్పినప్పుడు ఎన్ని రోజుల్లో సరిచేశారు, డబ్బు కట్టే ఎడిషన్‌లో ఏవి దాచారు. బ్యాకప్, రెండంచెల లాగిన్ లాంటివి పెయిడ్‌లో ఉంటే అది మీకు ఉచితం కానట్టే.

ఆరో అడుగు: పాడుచేసి చూడండి

ఎంచుకున్న ఒకటి రెండింటిని సబ్‌డొమైన్ మీద పెట్టి ట్రయల్ వేయండి. ఇన్‌స్టాల్ చేసి, జీమెయిల్‌కి ఒక మెయిల్ పంపి "పనిచేస్తోంది" అనుకోవడం ట్రయల్ కాదు. పాత వెర్షన్ వేసి కొత్తదానికి అప్‌గ్రేడ్ చేయండి. బ్యాకప్ తీసి, సర్వర్‌ని పూర్తిగా తుడిచేసి, వేరే సర్వర్ మీద తిరిగి నిలబెట్టండి. ఒక మెయిల్‌బాక్సుని ఐమ్యాప్‌సింక్ అనే తరలింపు ప్రోగ్రామ్‌తో బయట ఇంకో సర్వర్‌కి తరలించండి. ఈ మూడింట్లో ఏది తేడా కొట్టినా ఆ సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టండి.

డీఎన్ఎస్ రికార్డులు కూడా ట్రయల్‌లోనే నేర్చుకోండి. ఎస్‌పీఎఫ్ అంటే మా డొమైన్ పేరుతో మెయిల్ పంపడానికి ఫలానా సర్వర్లకే అనుమతి అని చెప్పే రికార్డు. డీకిమ్ ప్రతి మెయిల్ మీదా పడే డిజిటల్ సంతకం. ఈ రెండూ తప్పితే ఏం చేయాలో అవతలివాళ్లకి చెప్పేది డీమార్క్. డీకిమ్ కీ 2048 బిట్లది పెట్టండి. అది 255 అక్షరాలకి మించుతుంది కాబట్టి టెక్స్ట్ రికార్డులో రెండు ముక్కలుగా, ఒక్కో ముక్కకి విడిగా కోట్స్‌తో రాయాలి. కొన్ని డొమైన్ ప్యానెళ్లు అతికించినప్పుడు చివర్న కోసేస్తాయి, సేవ్ చేశాక మళ్లీ చదివి సరిచూడండి.

ఇక లాగ్. అవతలి సర్వర్ చెప్పే కోడ్ 4తో మొదలైతే "ఇప్పుడు కాదు, తర్వాత రా" అని. పోస్ట్‌ఫిక్స్ దాన్ని క్యూలో పెట్టి 5 రోజుల వరకు ప్రయత్నిస్తూనే ఉంటుంది. 5తో మొదలైతే "వద్దు" అని, మెయిల్ తిరిగొచ్చేస్తుంది. జీమెయిల్ నుంచి 550తో పాటు 5.7.26 అని కనిపిస్తే మీ మెయిల్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్ సరిగ్గా లేవని అర్థం. ఇది సాఫ్ట్‌వేర్ మారిస్తే పోయేది కాదు, డీఎన్ఎస్‌లో సరిచేయాలి.

ఒక చిక్కు ప్రత్యేకంగా చెప్పాలి. స్పామ్‌హాస్ పట్టీని అడగడానికి మీ సర్వర్ గూగుల్ వారి 8.8.8.8 లాంటి పబ్లిక్ డీఎన్ఎస్ వాడుతుంటే, స్పామ్‌హాస్ అసలు జవాబు ఇవ్వదు, 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ పంపుతుంది. ఏ జవాబు వచ్చినా స్పామే అనుకునేలా పోస్ట్‌ఫిక్స్‌ని అమర్చి ఉంటే, వచ్చిన ప్రతి మెయిల్‌నీ తిప్పి పంపేస్తుంది. లాగ్ చూస్తే ప్రపంచమంతా స్పామర్లే అన్నట్టుంటుంది. సర్వర్ మీదే అన్‌బౌండ్ లాంటి సొంత డీఎన్ఎస్ రిజాల్వర్ (డీఎన్ఎస్‌ని అడిగి జవాబు తెచ్చే ప్రోగ్రామ్) పెట్టుకుంటే తీరుతుంది. మెయిల్‌కౌలో అన్‌బౌండ్ ముందే ఉంటుంది, చేత్తో అమర్చుకునేవాళ్లు మర్చిపోయేది ఇదే.

తెలుగు లిపిలో .భారత్ డొమైన్ తీసుకుని, మెయిల్ అడ్రస్ కూడా తెలుగులోనే పెట్టాలని ఉంటే ఈ ట్రయల్‌లోనే తేల్చుకోండి. పోస్ట్‌ఫిక్స్ 3.0 నుంచి ఇలాంటి అడ్రస్‌లని ఒప్పుకుంటుంది, జీమెయిల్ కూడా 2014 నుంచి పంపుతుంది, అందుకుంటుంది. కానీ మధ్యలో డవ్‌కాట్, వెబ్‌మెయిల్, అడ్మిన్ పేజీ, అవతలివాళ్ల సర్వర్ అన్నీ ఒప్పుకోవాలి. ప్రభుత్వ పోర్టళ్లలో, బ్యాంకుల్లో ఇవ్వడానికి అదే మెయిల్‌బాక్సుకి ఇంగ్లిష్ అక్షరాల అడ్రస్ ఒకటి పక్కన ఉంచుకోవాల్సిందే.

ఏడో అడుగు: పంపే పని వేరేవాళ్లకి ఇవ్వాలా?

ఎంత సరిగ్గా చేసినా కొత్త ఐపీ నుంచి వెళ్లే మెయిళ్లు కొన్నాళ్లు స్పామ్‌లోకి పోవచ్చు. జీఎస్టీ గడువు రోజున క్లయింట్‌కి మెయిల్ చేరకపోతే ఊరుకోడు. అలాంటి చోట బయటికి వెళ్లే మెయిళ్లని మాత్రం అమెజాన్ ఎస్ఈఎస్ లాంటి రిలే (మన తరఫున మెయిళ్లు పంపిపెట్టే సర్వీసు) ద్వారా పంపి, అందుకోవడం, దాచుకోవడం మన దగ్గరే ఉంచుకోవడం తప్పేం కాదు. సొంత సర్వర్ అంటే అంతా సొంతమే ఉండాలన్న పట్టుదల ఆఫీసుకి అనవసరం. రిలేవాళ్లకి మీరు పంపే మెయిళ్లు కనిపిస్తాయి, ఆ సంగతి మాత్రం గుర్తుంచుకోండి. పోస్ట్‌ఫిక్స్‌లో ఇది కొన్ని లైన్లతో పాటు పాస్‌వర్డ్ ఫైలు పెడితే అయిపోతుంది. మెయిల్‌కౌలో అడ్మిన్ పేజీలోనే పెట్టుకోవచ్చు.

మన ఆడిటర్ ఆఫీసుకైతే నేను చెప్పేది: 8 జీబీ ర్యామ్ సర్వర్ మీద మెయిల్‌కౌ, బయటికి రిలే, బ్యాకప్ రోజూ వేరే కంపెనీ స్టోరేజ్‌కి. కంపెనీలు, సంస్థలు నడిపే సర్వర్లకి ఇంకో బాధ్యత కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి. ప్యాకేజీలు మామూలుగా అంతకంటే చాలా ముందే లాగ్‌లని చెరిపేస్తాయి, డాకర్‌లో అయితే కంటైనర్‌ని తీసి మళ్లీ పెట్టినప్పుడే పోతాయి. లాగ్‌లని వేరే చోటికి పంపే ఏర్పాటు మొదట్లోనే చేయండి.

ఎనిమిదో అడుగు: మారే రోజు

మారడానికి రెండు మూడు రోజుల ముందే ఎంఎక్స్ రికార్డు (మీ డొమైన్ మెయిళ్లు ఏ సర్వర్‌కి రావాలో చెప్పేది) టీటీఎల్‌ని, అంటే పాత జవాబుని ఇతర సర్వర్లు గుర్తుంచుకునే గడువుని, 300 సెకన్లకి తగ్గించండి. మెయిల్‌బాక్సులన్నీ కొత్త సర్వర్ మీద తయారు చేసి, పాత మెయిళ్లని ఐమ్యాప్‌సింక్‌తో ముందే తెచ్చిపెట్టుకోండి. శనివారం సాయంత్రం ఎంఎక్స్ మార్చి, ఆదివారం ఐమ్యాప్‌సింక్ మళ్లీ నడిపితే మధ్యలో పాత చోట పడ్డవి కూడా వచ్చేస్తాయి. ఫోన్లలో ఐమ్యాప్‌కి 993, పంపడానికి 465 పోర్టులు పెట్టించండి. పోర్ట్ 25 మీద లాగిన్‌కి అస్సలు వీలుండకూడదు.

డీమార్క్‌ని మొదట ఏ చర్యా వద్దన్న స్థాయిలో పెట్టి, రిపోర్టులు ఒక మెయిల్‌బాక్సుకి రప్పించుకోండి. టాలీ నుంచి వెళ్లే ఇన్‌వాయిస్‌లు, వెబ్‌సైట్ ఫారం, స్కానర్ నుంచి వెళ్లే మెయిళ్లు, ఇలా మీ డొమైన్ పేరుతో ఎవరెవరు పంపుతున్నారో ఆ రిపోర్టుల్లో బయటపడుతుంది. అందరికీ ఎస్‌పీఎఫ్, డీకిమ్ సర్దాకే క్వారంటైన్‌కి (స్పామ్‌లో వేయమని), తర్వాత రిజెక్ట్‌కి (అసలు తీసుకోవద్దని) మార్చండి. పాత సర్వర్‌ని ఒక నెలపాటు ఆపకుండా ఉంచండి. సర్వర్ మారిన సంగతి తెలియని పాత ప్రింటర్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది.